అరవై నాలుగు కిలోబిట్ల మనిషి

బదిలీ అయిన ఉద్యోగులను శాఖ డేటా లైనులోనే పంపుతుంది కాబట్టి, ఎర్నాయుడు ఆదోని నుంచి బొబ్బిలికి పద్నాలుగు నెలలుగా వస్తున్నాడు. మోకాళ్ల వరకు వచ్చాడు.

ఆ పాత లైను గరిష్ఠ వేగం సెకనుకు అరవై నాలుగు కిలోబిట్లు. మనిషిని చిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. దారిలో ఏడు స్టేషన్లు. ప్రతి స్టేషనులో ప్రతి పొట్లాన్నీ విప్పి చూస్తారు. సరిగా ఉంటే వెనక స్టేషనుకు రసీదు పంపి, అప్పుడు ముందుకు తోస్తారు. తేడా ఉంటే మళ్లీ తెప్పిస్తారు. ఇంతవరకు ఒక్క గోరు కూడా తప్పిపోలేదు.

అతని భార్య పైడితల్లి సోమవారం సోమవారం ఆఫీసుకు వెళ్లి, వచ్చినంత మేర కాళ్లకు నూనె రాసి వచ్చేది. ఎడమ పిక్క మీద కుక్క కరిచిన మచ్చను బట్టి మనిషి ఆయనే అని రాసి ఇచ్చింది.

ఒక సోమవారం సూపర్‌వైజర్ సన్యాసిరావు కొత్త లైను సంగతి చెప్పాడు. పేరు ఫ్రేమ్ రిలే. సెకనుకు రెండు మెగాబిట్లు.

"మిగతా మనిషి నాలుగు నెలల్లో దిగిపోతాడు తల్లీ. కాపోతే ఇది దార్లో ఆగి సూడదు. రద్దీ అయితే పడేస్తాది. పడేసినట్టు సెప్పదు."

"ఏటి పడేస్తాది బాబూ?"

"అది ఎవుడికి తెలుస్తాది?"

"పాత దాంట్లో తల ఎప్పటికొస్తాది?"

"పదకొండేళ్లు."

"పిల్లకి ఆరేళ్లండి. ఇంటరు సదివేస్తాది అప్పటికి. కొత్తదాన్లోనే పంపించీయండి."

నాలుగు నెలలకు ఎర్నాయుడు నడిచి ఇంటికి వచ్చాడు. అందినట్టు భార్య మూడు రోజుల్లో ఆఫీసులో సంతకం చేయాలి. లోటు ఉందని రాస్తే మనిషిని వెనక్కి పంపి, పాత లైనులో మొదటి నుంచి తెప్పిస్తారు.

పైడితల్లి మూడు రోజులూ చూసింది. అతను వేళకు ఆఫీసుకు వెళ్లాడు. పిల్లను బడిలో దింపాడు. పూర్వం ఉప్పు చాలకపోతే కంచం తోసేసి, వీధి చివరి దాకా వినపడేలా అరిచే మనిషి. మూడో రోజు ఆమె పప్పులో ఉప్పు వేయలేదు. అతను తిని, చేయి కడుక్కుని లేచాడు.

"పప్పు ఎలాగుంది?" అంది.

"బాగుంది."

పిల్ల తండ్రి వైపు చూసి, తనూ తినేసింది.

ఆఫీసులో సన్యాసిరావు రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు. "నేనూ ఈ ఊరికి బదిలీ మీద కొత్త లైన్లోనే వొచ్చాను తల్లీ. మాయావిడ సంతకం పెట్టీసింది."

"మీకేటి పోనాది బాబూ?"

"నాకేటీ లోటు తెలవట్లేదమ్మా."

లోటు అనే గడిలో పైడితల్లి 'ఏమీ లేదు' అని రాసింది. పైన పదకొండు పేర్లకు ఎదురు గళ్లలోనూ అదే ఉంది.