ఊరంతటికీ ఒకటే గొయ్యి

గోతుల్ని పూడ్చడం పాత పద్ధతి. ఇప్పుడు మ్యాప్‌లో పెడితే చాలు!

నమ్మరా? మా వార్డు ఆఫీసువాళ్లు ఊళ్లో గోతులన్నీ ఎక్సెల్ షీటులోకి ఎక్కించి, వరుసకో గుర్తు చొప్పున వెబ్‌సైట్ మ్యాప్‌లో గుచ్చారు. ఎర్రగా ఉంటే గొయ్యి, పచ్చబడితే పూడ్చినట్టు. ఎంత శుభ్రం! దుమ్ము లేదు, తారు వాసన లేదు, దారికి అడ్డంగా ఒక్క పార కూడా లేదు. గొయ్యి పెద్దగా కనబడాలంటే రెండు వేళ్లతో సాగదీయాలి. మా గేటు ముందున్నదానికి ఆ శ్రమా అక్కర్లేదు, వాన పడితే తనే సాగుతుంది.

అందులో పడి చీలమండ బెణికినప్పటి నుంచీ, మూడు నెలలుగా మా అత్తగారు గేటు దాటలేదు. రోజూ సాయంత్రం పార్కు దాకా నడిచి, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చే మనిషి. ఇప్పుడు నా వంటగదిలో కూర్చుని, ఉప్పు డబ్బా మూత ఎందుకు వదులైందో విచారణ జరుపుతున్నారు. అత్తాకోడళ్లను ఇంత దగ్గర చేసిన గొయ్యిని ఏమని పొగడను!

మ్యాప్‌లో దానికోసం వెతికాను. ఊరు మొత్తానికి ఒకే ఒక్క గుర్తుంది, అదీ పచ్చగా. ఆఫీసుకెళ్లి గుమస్తాగారిని అడిగాను.

“మీది ముప్ఫై ఏడో వరుసమ్మా. పూడ్చేశాం కదా!”

“పూడిస్తే మా అత్తగారు ఇంట్లో ఎందుకుంటారండీ?”

ఆయన షీటు తెరిచారు. మొదటి వరుసలో పెద్దాఫీసరుగారి ఇంటి ముందు గొయ్యి. దాని అక్షాంశ రేఖాంశాలు టైపు చేసి, మిగతా నూట నలభైకీ అవే అంకెలు మౌసుతో కిందికి లాగేశారట!

“అన్నీ విడివిడిగా కొట్టాలంటే కళ్లు పోతాయి తల్లీ. పని అయిందా లేదా?”

అయింది మరి! గుర్తులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పెద్దాఫీసరుగారి వాకిట్లో ఒక లారీ కంకర పోయగానే ఊరంతా పచ్చబడింది. ఇంత పొదుపైన పాలన ఎక్కడైనా చూశారా?

ఇంటికొచ్చి చెబితే అత్తగారు కాలు సర్దుకుంటూ, “అయితే నన్నూ మ్యాప్‌లోనే నడవమన్నారా ఏమే?” అన్నారు.

పెద్దవాళ్లకు టెక్నాలజీ ఓ పట్టాన అర్థం కాదు! నాకైతే అయింది. అందుకే ఫిర్యాదు మానేసి, పెద్దాఫీసరుగారికి ఓ చిన్న మనవి చేసుకుంటున్నాను. అయ్యా, మా పైవాటా ఖాళీగా ఉంది. గాలీ వెలుతురూ బాగుంటాయి. దయచేసి వచ్చి దిగండి. తమరు ఎక్కడుంటే అక్కడ రోడ్డుంటుంది.