రెండో తలుపు

చీరల షాపులో పని ముగించుకుని, కొడుకుని ఇంటికి తీసుకువెళ్ళడానికి నూకరత్నం ఆ సోమవారం సాయంత్రం ‘పొత్తిళ్ళు’ శిశు సంరక్షణ కేంద్రానికి వచ్చేసరికి, మూడున్నరేళ్ళ మోక్షిత్ తలుపుగా మారి ఉన్నాడు.

చూడ్డానికి మంచి తలుపే. టేకు రంగు, పిల్లవాడి ఎత్తుకి కాస్త ఎక్కువ, నడుమ ఇత్తడి గడియ, కింద గడప. పైన ఆకుపచ్చ బోర్డు మీద ‘అత్యవసర ద్వారం’ అని రాసి, పరిగెడుతున్న మనిషి బొమ్మ వేశారు. నూకరత్నం ముందు గుర్తుపట్టలేదు. గదంతా వెతికి, బాత్రూములో చూసి, చివరికి తలుపు పక్కన నిలబడి ‘బాబేడండీ’ అని అడిగింది. అప్పుడు కనబడింది, పొద్దున్న వాడి బుగ్గన తను పెట్టిన దిష్టిచుక్క. గడియకి కొంచెం పైన, చెరగకుండా ఉంది.

కేంద్రం నడిపే హైమావతి టీచరు ఆమెని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓపికగా వివరించారు. పోయినవారం తనిఖీ అధికారి వచ్చారు. కేంద్రం ఉన్నది మొదటి అంతస్తులో. కింద గ్యాస్ పొయ్యిలు బాగుచేసే షాపు. దిగడానికి ఉన్నది ఒక్కటే మెట్లదారి. మెట్ల మీద మంట లేస్తే పిల్లలు వెళ్ళడానికి రెండో తలుపు లేదు కాబట్టి, అది పెట్టించకపోతే లైసెన్సు కొనసాగదని చెప్పి, ఎక్కడ ఉండాలో కిటికీ పక్కన గోడ మీద సుద్దముక్కతో గీత గీసి వెళ్ళారు. గోడ పగలగొట్టడానికి ఇల్లు అద్దెకిచ్చినాయన ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోయినంత మాత్రాన నిబంధన ఆగదు కదా అన్నారు హైమావతి టీచరు.

ఇక మోక్షిత్ ఎందుకంటే, ఆ గీత గీసిన చోట రోజూ నిలబడేది వాడే. మధ్యాహ్నం పడుకుని లేచింది మొదలు, కిటికీ ఊచ ఒకటి పట్టుకుని, అమ్మ ఆటో దిగుతుందేమోనని రోడ్డుకేసి చూస్తూ ఉంటాడు. మిగతా పిల్లలు కుదురుగా ఉండరు. వీడు కదలడు. తలుపుకి కావలసిన మొదటి గుణం అదేనట.

“మీరేం బెంగపెట్టుకోకండి రత్నంగారూ. బాధ్యత గల పని,” అన్నారావిడ.

ఏడవాలో, దెబ్బలాడాలో, కృతజ్ఞతలు చెప్పాలో నూకరత్నానికి తోచలేదు. చుట్టూ చూసింది. మిగిలినవాళ్ళు ఎప్పటిలాగే పిల్లల్ని తీసుకువెళ్తున్నారు. ఆయాసంతో బాధపడే పాప ఒకతె పొగ వస్తే ముందే దగ్గుతుందని ఆమెని పొగ అలారంగా పెట్టారు. వాళ్ళ నాన్న స్టూలెక్కి కూతుర్ని పైకప్పు నుంచి విప్పుకుంటున్నాడు. ఎర్రచొక్కా పిల్లవాడు మూలన మేకుకి మంటలార్పే సిలిండరై వేలాడుతున్నాడు. వాళ్ళమ్మ వాడిని దించి, కొంగుతో దుమ్ము తుడిచి, చంకనేసుకుంది. ఇంతమంది ఊరుకుంటున్నారంటే తనకే ఏదో అర్థం కాలేదేమో అనుకుంది నూకరత్నం.

సాయంత్రం ఏడు దాటాక అది కేంద్రం కాదు, ఉత్త గది కాబట్టి, తలుపుని ఇంటికి తీసుకువెళ్ళవచ్చన్నారు. పొద్దున్న తెరిచే వేళకి మాత్రం యథాస్థానంలో ఉండాలి. ఆటో అతను తలుపుని అడ్డంగా పడుకోబెట్టి, “గీతలు పడిపోతాయమ్మా, ఒళ్ళో పెట్టుకోండి,” అన్నాడు. ఆమె ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆమె భర్త పైడిరాజు రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తలుపుని అటూ ఇటూ తిప్పి చూసి, గడియ ఒకసారి వేసి తీశాడు. తర్వాత, తమ షెడ్డులో గౌరీశ్వర్రావు రెండేళ్ళుగా సైరనుగా ఉంటున్నాడనీ, అతనికి ఏ లోటూ జరగలేదనీ చెప్పాడు.

“ఎప్పుడైనా మోగేడేటి?” అని అడిగింది నూకరత్నం.

“మోగాల్సినప్పుడు కంపెనీవోళ్ళే స్విచ్చి కట్టీసేరు,” అన్నాడు పైడిరాజు, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తూ.

తలుపుని నూకరత్నం దేవుడి పటాల పక్కన గోడకి చేరేసి, పప్పన్నం చిన్న ముద్దలు చేసి గడియ సందులో పెడితే, ముద్ద లోపలికి వెళ్ళింది. కాసేపటికి చెక్కలోంచి, దూరం నుంచి వచ్చినట్టు, “అమ్మా, కాళ్ళు లాగుతున్నాయి,” అని వినబడింది. నూకరత్నం గడపని ఒళ్ళో పెట్టుకుని ఒత్తింది. ఒత్తుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం ఆమె ఇంటి గడపకి పసుపు రాసి, బొట్లు పెడుతుంది. వాడు సరిగ్గా అప్పుడే వచ్చి దాని మీద కూర్చునేవాడు. గడప లక్ష్మి, దాని మీద కూర్చోకూడదు, తొక్కకూడదు అని ఎన్నిసార్లు వీపు మీద ఒక్కటి వేసిందో.

తెల్లారి దీపం పెట్టి సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుంది. ఆమెకి దేవుడి మీద కోపం రాలేదు, సందేహం వచ్చింది. వాడి తలనీలాలు ఈ ఏడు కొండమీద ఇస్తానని మొక్కుకుంది. తలుపుకి జుట్టుండదు. మొక్కు చెల్లనట్టా, లేక తలుపుకి మొక్కు వర్తించనట్టా? స్వామి కూడా ఏడాదిలో ఒక్కరోజు తప్ప చందనం కింద ఉంటారు కదా, ఆయనకి తెలిసే ఉంటుందిలే అని సర్దుకుంది.

వాడిని మాన్పించేద్దామనుకోకపోలేదు. కానీ అత్యవసర ద్వారాన్ని పీకి పట్టుకుపోతే, లోపలున్న పిల్లల ప్రాణాలకి ఆమే జవాబుదారీ అన్నారు హైమావతి టీచరు. పక్క వీధిలో ఇంకో కేంద్రం ఉంటే వెళ్ళి అడిగింది. ప్రస్తుతం మేడమెట్ల రెయిలింగు ఒక్కటే ఖాళీ ఉందనీ, అదీ మూడో అంతస్తులో అనీ చెప్పారు. ఆమె తిరిగి వచ్చేసింది. షాపులో పండగల సీజను మొదలైంది, నాలుగు రోజులు సెలవడిగితే మానెయ్యమంటారు. పైడిరాజుకి షిఫ్టులు. వాడిని చూసే మనిషి ఇంకెవరూ లేరు.

కేంద్రంలో రోజూ పలహారం కాగానే పిల్లలకి మంట లేచినప్పుడు ఎలా వెళ్ళాలో నేర్పేవారు. వరసగా నిలబడి, తలుపు తీసి, గడప మీద కాలేసి, వెనకాల ఉన్న గోడని ముట్టుకుని, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఒకరోజు కళ్ళారా చూసింది నూకరత్నం. గడప తొక్కొద్దని కాస్త చెప్పమని ఆయా ఎర్నమ్మని బతిమాలింది.

“సంటిపిల్లలు, ఆలకేటి తెలస్తాది తల్లీ,” అంది ఎర్నమ్మ. “అయినా మీ వోడు మంచోడు. కిర్రుమనడు.”

అసలు చిక్కు మరుసటి వారం బుధవారం వచ్చింది. తలుపు బిగుసుకుపోయింది. ఇద్దరు పెద్దవాళ్ళు లాగితే గానీ తెరుచుకోలేదు. శుక్రవారం తనిఖీ. హైమావతి టీచరు వడ్రంగిని పిలిపించారు. అతను తలుపు అంచు మీద బొటనవేలు పెట్టి రాసి, చెక్క చెమ్మ పట్టి ఉబ్బిందని తేల్చాడు. గురువారం సాయంత్రం దాకా చూసి, అప్పటికీ తగ్గకపోతే చిత్రిక పడితే సరిపోతుందన్నాడు. రెండు వైపులా సన్నగా, పొట్టు తీసినట్టు తీస్తే చాలట.

చెమ్మ ఎక్కడిదో నూకరత్నానికి తెలుసు. పొద్దున్న వాడిని నిలబెట్టి ఆమె మెట్లు దిగే వేళకి మొదలై, తిరిగి వచ్చేదాకా ఆగదు. ఆ సాయంత్రం వడ్రంగి సంచిలో చిత్రిక పలక మొన కనబడుతుంటే, దాన్ని చూడకుండా వెళ్ళి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గడియ సందులో నోరు పెట్టింది.

“ఏడవకు నానా. ఏడిస్తే ఉబ్బిపోతావు. ఉబ్బితే సిత్రిక పట్టీస్తారు. మా బాబు కదూ.”

లోపల గుటక మింగిన చప్పుడైంది. గురువారం సాయంత్రానికి తలుపు సాఫీగా తెరుచుకుంది. అందరూ మెచ్చుకున్నారు. అంత తొందరగా ఆరే చెక్కని తను చూడలేదన్నాడు వడ్రంగి. నూకరత్నం మాత్రం, కొడుకు ఏడవడం మానేసినందుకు సంతోషించడం తల్లికి తగునా తగదా అని ఆలోచిస్తూ ఇంటికి వెళ్ళింది.

శుక్రవారం ఒక్క పూట సెలవు పెట్టి, తనిఖీ వేళకి వచ్చి కూర్చుంది. ఇంటి నుంచి పొట్లంలో పసుపు తెచ్చి, గడపకి రాసి బొట్లు కూడా పెట్టింది. తనిఖీ అధికారి సదాశివరావుగారు నెమ్మదైన మనిషి. చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. పొగ అలారం కింద నిలబడి ఊదారు; అది దగ్గింది. సిలిండరుని ఎత్తి బరువు చూశారు. చివరికి తలుపు తీశారు. వెనకాల ఇటుకగోడ ఉంది. మళ్ళీ వేశారు. మళ్ళీ తీశారు. బాగా తెరుచుకుంటోందని రాసుకున్నారు.

వెనకాల గోడ ఉందండీ అని నూకరత్నం మెల్లిగా అంది. దానికాయన, తలుపు తమ శాఖ కిందకి వస్తుందనీ, గోడ భవనాల శాఖ కిందకి వస్తుందనీ చెప్పారు. పైగా ఇది మొదటి అంతస్తు. బయట మెట్లు లేవు. ఆ గోడే లేకపోతే పిల్లలు తలుపు తీసి కింద పడతారు. ఆ విధంగా చూస్తే గోడ కూడా భద్రతే. ఆయన మాటల్లో ఎక్కడా తప్పు దొరకలేదు. కానీ పది రోజులుగా ఆమెని వదలని ప్రశ్న ఒకటి ఉంది.

“మంటలొస్తే పిల్లలందరూ మా బాబులోంచి బయటికెళ్తారు కదండీ,” అంది. “మా బాబు ఎటెళ్తాడండీ?”

సదాశివరావుగారు కళ్ళజోడు తీశారు. మర్యాదకి కాదు, నిజంగానే ఆలోచించారు. ఆయనకీ పిల్లలుండే ఉంటారు.

“తలుపు వెళ్ళకూడదమ్మా,” అన్నారు చివరికి. “తలుపు ఉండాలి.”

లైసెన్సు ఏడాదికి పొడిగించారు. వెళ్తూ వెళ్తూ, ఆమె మొహం చూసి కాబోలు, ఒక వెసులుబాటు చెప్పారు. ఇంచుమించు అదే ఎత్తున్న పిల్లలు ఇంకెవరైనా చేరితే తలుపుని మార్చుకోవచ్చు. ద్వారం ఒక్క పూటైనా ఖాళీగా ఉండకూడదు, అంతే.

ఆ రోజు నుంచి నూకరత్నం కొత్తగా ఎవరు వస్తారా అని ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నందుకు రోజూ పొద్దున్న అప్పన్న ముందు లెంపలు వేసుకుంది. పదిహేను రోజులు కాకుండానే వచ్చింది ఒకామె. దమయంతి, రొయ్యల ఫ్యాక్టరీలో పని. చేతులు ఐసుకి పాలిపోయి ఉన్నాయి. పక్కన మూడేళ్ళు నిండిన పిల్ల, లిఖిత. మోక్షిత్ కన్నా వేలెడు పొట్టి. హైమావతి టీచరు నూకరత్నాన్ని పక్కకి పిలిచి, ఒక తల్లి మాట ఇంకో తల్లి నమ్ముతుంది, మీరే రెండు మంచి మాటలు చెప్పండి అన్నారు.

మెట్ల మీద దమయంతి ఆమెనే అడిగింది. “ఇక్కడ బాగానే సూస్తారా అక్కా?”

కొడుకుని విడిపించుకోవడానికి ఒక్క అబద్ధం చాలు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. నూకరత్నం ఉన్నదున్నట్టు చెప్పేసింది. పైనున్న తలుపు నా కొడుకు, మీ పాప చేరితే రేపట్నుంచి తలుపు అవుతుంది, వెనకాల గోడే తప్ప దారి లేదు, పిల్లలు తొక్కుతారు, ఏడిస్తే చిత్రిక పడతారు. చెప్పాక ఒళ్ళు తేలికైంది. ఇప్పుడీమె పిల్లని ఎత్తుకుని పరిగెడుతుంది, నా కొడుకు అక్కడే ఉండిపోతాడు, కానీ నేను మనిషిగా మిగిలాను అనుకుంది.

దమయంతి అంతా విని, కూతురి ముక్కు తుడిచింది.

“కిటికీ పక్కనే కదక్కా?” అంది.

“పక్కనే.”

“అయితే నయమే. గాలాడుతుంది. ఇంతకుముందు ఉన్నచోట నీళ్ళ ఫిల్టరు చేసేరు దీన్ని. కడుపులో ఎప్పుడూ మట్టే.”

పిల్లని తీసుకుని పైకి వెళ్ళి చేర్పించేసింది.

మోక్షిత్ పిల్లవాడై ఇంటికి వచ్చాడు. అరికాళ్ళు కాస్త గట్టిపడ్డాయి తప్ప, ఏ తేడా లేదు. ఆదివారం కొండమీద తలనీలాలు ఇచ్చారు. మంగలి కత్తి పెడుతున్నంతసేపూ వాడు కదలలేదు, ఏడవలేదు. ఇంత బుద్ధిమంతుణ్ణి చూడలేదని మంగలి అన్నాడు. పైడిరాజు గర్వపడ్డాడు. సోమవారం నుంచి మామూలు పిల్లవాడిగా మళ్ళీ కేంద్రానికే పంపారు. లైసెన్సున్న చోటు, పైగా రెండో తలుపు కూడా ఉంది.

తర్వాతి శుక్రవారం వాన పడుతోంది. నూకరత్నం కొడుకుని తీసుకుని మెట్లెక్కేసరికి, ఎర్నమ్మ బిగుసుకుపోయిన రెండో తలుపుని రెండు చేతులతో లాగుతోంది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన దమయంతి పిల్లని దింపి, అప్పుడే వెళ్ళిందట. గడప మీద చిన్నచిన్న పాదాల బురద ఉంది. నూకరత్నం దాన్ని కొంగుతో తుడిచి, సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. అది ఎవరి గడపైనా గడపే కదా.

ఆమె పసుపు రాస్తుండగా మోక్షిత్ చెయ్యి విడిపించుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు. నున్నటి గుండు ఆనించి, గడియ సందులో నోరు పెట్టి, రహస్యం చెప్పినట్టు చెప్పాడు.

“ఏడవకు. ఏడిస్తే ఉబ్బిపోతావు. ఉబ్బితే సిత్రిక పట్టీస్తారు.”

లోపల గుటక మింగిన చప్పుడైంది.

నూకరత్నం చెయ్యి గడప మీదే ఉండిపోయింది. ఎర్నమ్మ ఇంకోసారి లాగి చూసింది. తలుపు సాఫీగా తెరుచుకుంది. వెనకాల గోడ ఎక్కడిదక్కడే ఉంది.