మూడో రౌండులో ఎవరు పడతారు

ఆ శుక్రవారం పొద్దున్న గురునాథరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పోర్టు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టడం, క్షవరం చేయించుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సాయంత్రం ఆరింటికల్లా కంచరపాలెం మైదానంలో జడ్జీ కుర్చీలో కూర్చోవడం. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, మార్చి నెల. డబ్బు తీసుకుని తలపడే బాక్సర్లను తెచ్చి, కాంట్రాక్టరు కొండలరావు ఆ సాయంత్రం మూడు పోటీలు పెట్టిస్తున్నాడు.

జన్మలో గ్లౌజు తొడగని గురునాథరావుకు బాక్సింగు మీద ఇరవయ్యేళ్ల అభిప్రాయాలున్నాయి. అన్నిటి సారాంశమూ ఒక్కటే: డబ్బుకు జరిగే పోటీ ఏదైనా ముందే మాట్లాడుకున్నదే. ఏ దేశంలో ఎవడు నాకౌటయ్యాడని పేపర్లో చదివినా, "పడ్డాడా, పడమన్నారా?" అని అడిగేవాడు. ఆఫీసంతా నవ్వేది. కొండలరావు మాత్రం, "నీయంత అనుమానం మనిషి జడ్జీగా కూకుంటే నా ఆటని ఇంకెవడూ అనుమానించడు బావా" అని పిలిచి కుర్చీ ఇచ్చాడు. ఈ ఒక్క సాయంత్రం జడ్జీ అనిపించుకుంటే ఇక నవ్వే నోళ్లన్నీ మూతపడతాయని గురునాథరావు ఆశ. వారం రోజులుగా ఆయనకు సరిగ్గా నిద్ర లేదు.

మధ్యాహ్నం మిలట్రీ హోటల్లో భోజనానికి కూర్చుంటే, పక్క బల్ల దగ్గర జోజి కనబడ్డాడు. ఆఖరి పోటీలో కలకత్తా బాక్సరుతో తలపడబోయేది ఈ జోజే. పోర్టులో కలాసీ, కంచరపాలెం ముద్దుబిడ్డ. హోటలు యజమాని అభిమానంగా మటన్ గిన్నె తెచ్చి పెడితే జోజి పక్కకు నెట్టేశాడు.

"ఇయ్యాల మాంసం ముట్టనండి. సారూ అన్నం సాలు."

గురునాథరావు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. సాయంత్రం పది రౌండ్లు కొట్టుకోవలసినవాడు చారన్నంతో సరిపెట్టుకున్నాడంటే, కొట్టుకునే ఉద్దేశం లేదన్నమాట. ఆయన గబగబా చెయ్యి కడుక్కుని జోజి వెనకాలే బయల్దేరాడు.

జోజి నేరుగా చర్చిలోకి వెళ్లాడు. గురునాథరావు ఒక స్తంభం చాటున నిలబడి చూశాడు. ఒక మూల నిలువెత్తు చెక్కపెట్టె ఉంది. దానికి ఒక పక్క జల్లెడలాంటి చిన్న కిటికీ. జోజి అక్కడ మోకరించి గుసగుసగా ఏదో చెబుతున్నాడు. లోపల ఎవరో కూర్చుని వింటున్నారు, మొహం కనబడదు. ఆఫీసులో ఒక గుమాస్తా పెళ్లికి గురునాథరావు బాప్టిస్టు చర్చికి వెళ్లి ఉన్నాడు. అక్కడ బెంచీలున్నాయి, హార్మోనియం ఉంది, ఇలాంటి పెట్టె మాత్రం లేదు. కాబట్టి చర్చిల్లో ఇలాంటివి ఉండవని ఆయనకు రూఢిగా తెలుసు. ఎవరూ అనుమానించని చోటని పోటీల బేరం కుదిర్చేవాళ్లే తెచ్చి పెట్టుకుని ఉండాలి.

"మూడు," అంది పెట్టెలోంచి గొంతు.

"మూడు సాలాండి?"

"చాలు. ఎవరికీ చెప్పక్కర్లేదు. వెళ్లు."

పదికి బదులు మూడే. ఇరవయ్యేళ్లలో మొదటిసారి గురునాథరావు అనుమానం కళ్లెదుట నిజమైంది. బాధపడవలసిన సమయమే గానీ, నిజం చెప్పాలంటే ఆయనకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అంత సంతోషాన్ని ఒక్కడే మోయలేక, క్షవరం చేయించుకుంటూ మంగలి వరహాలు చెవిన వేశాడు. "నీలోనే ఉంచుకో. జోజి మూడో రౌండులో పడిపోతాడు. మాట్లాడేసుకున్నారు."

"నా నోరు దాటదు బాబూ," అన్నాడు వరహాలు. ఆ తరవాత గడ్డం గీయించుకోవడానికి వచ్చి కూర్చున్నది కలకత్తా బాక్సరు. ఆ సబ్బు నురగ ఆరేలోగా, వరహాలు తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో సంగతంతా అతనికి చెప్పేశాడు.

సాయంత్రానికి మైదానంలో ఎవరిని చూసినా మూడు వేళ్లు చూపించి కన్ను గీటుతున్నారు. రింగులోకి వస్తున్న జోజికి కూడా చూపించారు. ఇదేదో కొత్తరకం దీవెన అనుకుని అతనూ నవ్వుతూ మూడు వేళ్లు చూపించాడు. గురునాథరావు పళ్లు కొరికాడు. అంతకుముందు జరిగిన రెండు పోటీలూ ఆయనకు నచ్చలేదు. మొదటిదాంట్లో గుద్దు కంటే ముందే మూలుగు వినబడింది. రెండోదాంట్లో ఇద్దరి నిక్కర్లూ ఒకే దర్జీ కుట్టినవి.

ఆఖరి పోటీలో రెండు రౌండ్లూ సమానంగా నడిచాయి. మూడో రౌండుకు గంట కొట్టకముందే గురునాథరావు మార్కుల కాగితం మీద "మూడో రౌండు: నాకౌటు" అని రాసి సంతకం చేశాడు. ఉద్యోగం టైమ్‌కీపరు కాబట్టి, అలవాటు కొద్దీ పక్కన టైము కూడా వేశాడు: 7.22.

గంట మోగింది. ఎదుటివాడు తనంతట తనే పడతాడన్న భరోసాతో కలకత్తా బాక్సరు చేతులు దించుకుని నిలబడ్డాడు. జోజి ఎంతకీ పడలేదు. "పడవేం?" అన్నట్టు కలకత్తా బాక్సరు మొహం ముందుకు పెట్టాడు. అంత దగ్గరికొచ్చిన మొహాన్ని జోజి వదులుకోలేదు. రిఫరీ పది లెక్కపెట్టి, అలవాటున పదకొండు కూడా అన్నాడు. పడినవాడు లేవలేదు.

కలకత్తా మేనేజరు రింగెక్కి మోసమని గోల పెట్టాడు. కొండలరావు జడ్జీల కాగితాలు తీసి చూశాడు. మూడో కాగితం దగ్గర ఆగిపోయాడు.

"ఆడు పడింది ఏడూ ఇరవైనాలుక్కి. నువ్వు ఇరవైరెండుకే రాసేసేవేటి బావా?"

"నాను విన్నాను," అన్నాడు గురునాథరావు తడబడుతూ. ముందు వరసలో కూర్చున్న ఫాదరును చూసి ఆ గొంతు ఎవరిదో అప్పుడే గుర్తుపట్టాడు. "మద్దేన్నం పెట్టెలోంచి ఈయనే సెప్పేరు. ఫాదరుగారూ, మూడని అన్లేదా?"

"ఆ పెట్టెలో మాట నేను బైట పెట్టకూడదు," అన్నారు ఫాదరు నెమ్మదిగా.

పాపం జోజే గ్లౌజులు ఊడదీసుకుంటూ ముందుకొచ్చాడు.

"అది పాపసంకీర్తనండి. ఈస్టరు ముందర మేం సుక్కురవారం మాంసం తినం, తప్పులు ఫాదరుగారి కాడ ఒప్పుకుంటాం. మా యమ్మ మీద కేకలేసేనని సెప్తే, మూడు జపాలు సెప్పుకోమన్నారు. అంతేనండి."

గురునాథరావు ప్రాణం చివుక్కుమంది. ఒక మనిషి దేవుడికి చెప్పుకున్న మాటను తను క్షవరం దుకాణంలో అమ్మేశాడు. అందరి ముందూ జోజి చేతులు పట్టుకుని, "తప్పయిపోయింది నాయనా" అన్నాడు.

అదే ఆయన చేసిన ఆఖరి పొరపాటు.

"ఒప్పేసుకున్నాడ్రోయ్," అన్నాడు వరహాలు ఆనందం పట్టలేక. "నా నోటంట ఆ కలకత్తావోడికి సెప్పించి, ఆడి సేతులు దింపించేసేడు. ఏం బుర్ర బాబూ ఇది." ఎవరూ కోప్పడలేదు. తమ జోజిని గెలిపించినందుకు పదిమంది కలిసి గురునాథరావును భుజాలకెత్తుకున్నారు. కొండలరావు మాత్రం ఆయన జేబుకున్న జడ్జీ బ్యాడ్జీని పైకి చెయ్యి చాచి మరీ ఊడదీసుకున్నాడు.

"మోసం లేదయ్యా, ఆడు నిజంగానే కొట్టేడు, ఈడు నిజంగానే పడ్డాడు," అని గురునాథరావు ఆ భుజాల మీంచి మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆ పోటీ ముందే మాట్లాడుకున్నది కాదని కంచరపాలెంలో ఇప్పటికీ వాదించే మనిషి ఆయనొక్కడే.