కామాగారి రెండు 'సరే'లు

ఆ ఉదయం కామాగారి పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా ఎవరితోనూ పేచీ పెట్టుకోకూడదు, అంతే. పదకొండేళ్ళుగా కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన చీఫ్ కుర్చీ ప్రెస్సులో ఖాళీ అయింది. మధ్యాహ్నం పన్నెండుగురు సిబ్బందీ బయట కలిసి భోంచేస్తారు. భోజనాలయ్యాక యజమానురాలు కొత్త చీఫ్ పేరు చెబుతారు.

"ఏమండీ, ఈ ఒక్కరోజూ ఎవరేమన్నా తలూపండి. మీకు పుణ్యముంటుంది," అంది భార్య, ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ.

"నేనెప్పుడు కాదన్నాను గనక?" అన్నారు కామాగారు. అదే ఆయన రోగమని ఇద్దరికీ తెలుసు.

ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి. కామా ఒకటి తగ్గితే అన్నం సహించదని ప్రెస్సులో ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

భోజనం ఎక్కడ అన్నదానిమీద మూడు వారాలుగా ప్రెస్సు రెండుగా చీలిపోయి ఉంది. మేడమీద డిజైనరమ్మది థాయ్ పక్షం. కింద బైండరుది కొరియన్ పక్షం.

"సినిమాహాలు వెనక థాయ్ హోటల్లో ఆ పుల్లటి సూపు ఒక్క గుటక వేస్తే చాలు, పోయిన జన్మలో జలుబు కూడా వదిలిపోతుంది," అనేది డిజైనరమ్మ. "మీ కొరియన్‌వాళ్ళు బల్లమీద పొయ్యి పెట్టి మనల్నే వేయించుకోమంటారు. ఆ మాత్రం దానికి హోటలెందుకు, మా వంటింట్లో లేదా పొయ్యి?"

"మీ థాయ్‌లో కొబ్బరిపాలు తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా, గిన్నె తప్ప?" అనేవాడు బైండరు. "స్టేషనెదురుగా కొరియన్ హోటలుకి రండి, కూర్చోగానే ఎనిమిది చిన్న గిన్నెలు వాటంతటవే వస్తాయి. అదీ మర్యాదంటే."

ఇద్దరూ విడివిడిగా కామాగారి దగ్గరికి వచ్చి "మీరేమంటారు?" అని అడిగేవారు. ఆయన ఇద్దరికీ తలూపేవారు. ఆయన ఆ రెండు హోటళ్ళ గడపా తొక్కి ఎరుగరు. కారం నాలుక్కి తగిలితే రెండు రోజులు మంచం దిగరు.

ఇక ఆ ప్రెస్సులో ఓ రివాజు ఉంది. కామాగారు ఎర్రసిరాతో మూలన "సరే" అని పెట్టందే విజిటింగ్ కార్డు కూడా అచ్చుకు పోదు, నోటీసు గోడెక్కదు. ఆ "సరే"కి అర్థం అక్షరాలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే. ఆయన కన్ను అక్షరం వెంట అక్షరం నడుస్తుంది. అసలు విషయమేమిటో పట్టించుకునే అలవాటు ఏనాడూ లేదు.

పదిగంటలకు డిజైనరమ్మ ఒక కాగితం పెట్టింది. "పన్నెండున్నరకు థాయ్ హోటల్లో భోజనం. అందరూ రావలెను." కామాగారు చూశారు. తప్పుల్లేవు. సరే అని పెట్టారు. పావుగంట తర్వాత బైండరు ఇంకో కాగితం పెట్టాడు. అందులో కొరియన్ హోటలుంది. తప్పుల్లేవు. సరే. ఒకటి మేడమీది బోర్డెక్కింది, రెండోది కింది బోర్డెక్కింది. మేడమీదివాళ్ళు వెనక మెట్లు దిగి పోతారు, కిందివాళ్ళు ముందు గుమ్మంలోంచి పోతారు. ఎవరి నోటీసు వాళ్ళు చూసుకుని, కామాగారు మన పక్షమేనని మురిసిపోయారు.

పన్నెండున్నరకు యజమానురాలు మేడమీది బోర్డు చూసి, కామాగారిని వెంటబెట్టుకుని థాయ్ హోటలుకి వెళ్ళారు. పదమూడు కుర్చీల బల్లకి ఐదుగురే ఉన్నారు.

"మిగతావాళ్ళేరండీ?" అన్నారావిడ.

కామాగారు లేచారు. వీధిలోకి వెళ్ళి బైండరుకి ఫోను చేశారు.

"ఎక్కడేమిటి గురూగారూ? మీరు సరే అన్న చోటే ఉన్నాం. పొయ్యి కూడా వెలిగించేశారు, తొందరగా రండి!"

అప్పుడు తెలిసింది ఆయనకు, పొద్దున్న తానేం చదివారో. రెండు వీధులు ఎండలో పరుగెత్తి, రొప్పుతూ కొరియన్ హోటల్లో పడ్డారు. "బాబ్బాబు, లేవండి. మేడమ్ అక్కడ కూర్చున్నారు."

"అంటే మేం చెడ్డవాళ్ళమా? ఒక్కమాట చెప్పండి, ఈ హోటలు బాగాలేదా?" అన్నాడు బైండరు.

పదకొండేళ్ళ కుర్చీ కళ్ళముందు తిరిగింది. ఎలాగోలా వీళ్ళని లేపాలి. "బాగుంది నాయనా, ఇదే బాగుంది. థాయ్ దీని ముందు ఎందుకూ పనికిరాదు. అయినా నా మొహం చూసి రండి."

బైండరు బల్లమీది ఫోను ఎత్తి, "విన్నారా డిజైనరమ్మా?" అన్నాడు. కామాగారు వచ్చేలోపే ఆవిడకి కలిపిన లైను, తెరిచే ఉంది.

వాళ్ళు లేవలేదు సరికదా, చప్పట్లు కొట్టారు. కామాగారు కాళ్ళీడ్చుకుంటూ థాయ్ హోటలుకి తిరిగొచ్చేసరికి ఆ ఐదుగురూ మొహాలు తిప్పేసుకున్నారు.

"ఎందుకూ పనికిరాదా, కామాగారూ?" అంది డిజైనరమ్మ. "మరి నా ముందు మూడు వారాలు తలూపారెందుకు?"

"అయ్యో, అది వాళ్ళని లేపడానికి అన్న మాటమ్మా! నా మనసంతా థాయ్‌లోనే ఉంది. ఆ కొరియన్ సంత ఎవడిక్కావాలి?"

ఆవిడ ఫోనూ బల్లమీదే ఉంది, ఇంకా తెరిచే ఉంది. అందులోంచి బైండరు గొంతు ఖంగున మోగింది. "సంతా? బాగుంది గురూగారూ, చాలా బాగుంది!"

కామాగారికి ఏడుపొచ్చింది. ఒక్కరిని కూడా కాదనకుండా ఒక్క పూట గడిపితే, పదకొండుమందీ శత్రువులయ్యారు. ఇంతకన్నా పొద్దున్నే లేచి అందరినీ తిట్టి ఉంటే సగంమందైనా మిగిలేవారనిపించింది.

యజమానురాలు చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి, దానిమీద కాసేపు ఏదో కొట్టేసి, ఏదో రాశారు. "మీ పేరే రాసుకొచ్చానండీ. పన్నెండుగురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలరని నమ్మకం. కానీ ఈ రెండు పక్షాలూ ఒక మనిషికి లొంగేవి కావని ఇప్పుడే అర్థమైంది." కాగితం ఆయన చేతికే ఇచ్చారు. "ఒకసారి చూసిపెట్టండి. సాయంత్రం బోర్డుమీద పెట్టాలి."

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కామాగారు విషయం చదివారు. మేడమీది విభాగానికి చీఫ్ డిజైనరమ్మ. కింది విభాగానికి చీఫ్ బైండరు. ప్రూఫులు రెండు విభాగాలకూ చెందును. తప్పు దొరుకుతుందేమోనని మూడుసార్లు వెతికారు. ఎక్కడా ఒక్కటీ లేదు. మూలన సరే అని పెట్టి ఇచ్చేశారు.

వీధిలోకి రాగానే భార్య ఫోను చేసింది. "ఏమండీ, తలూపారా? చీఫ్ సంగతి తేలిందా?"

"తేలింది," అన్నారు కామాగారు. "ఒక్క కుర్చీ అడిగితే, నా నెత్తిన ఇద్దరు చీఫుల్ని పెట్టారు."