మోరి మీద బండ

సరిహద్దులో తూటాలు పేలుతున్న రోజుల్లో సైన్యానికి షాబాదు బండలు పంపిన ఏకైక ఊరు మాదేనని ఇందుమూలంగా సగర్వంగా తెలియజేస్తున్నాం. శామీర్‌పేట చెరువుకు ఇవతల ఉన్న మా ఊరిని ఇంతకాలం ఎవరూ గుర్తించలేదు. బస్సులు కూడా గుర్తించలేదు. ఇక గుర్తించక తప్పదు.

జరిగింది ఇది. మా ఊరి సిపాయి బాలేష్. తల్లీతండ్రీ లేని అతన్నీ, చెల్లెలు అశ్రితనూ పెంచింది అవ్వ సుక్కమ్మ. సరిహద్దులో ఫోన్లు బంద్ పెట్టడంతో అతను ఇంటికి ఉత్తరం రాశాడు. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్న అశ్రిత కాలేజీ బస్సు దిగి వచ్చి, దాన్ని అవ్వకు చదివి వినిపించింది.

"అవ్వా, నేను మంచిగున్న. ఈడ సలి మస్తున్నది. నా గురించి ఫికర్ జెయ్యకు. నాకు ఫికరంత నీ గురించే. నీ కండ్లల్ల పొరలచ్చినయి. మోరి కాడ పయిలం. ముత్తయ్య కాకకు జెప్పి మోరి మీద బండ ఏపియ్యండ్రి. గీ ఒక్క పని జేస్తె నాకు నిద్ర వడ్తది."

మోరి అంటే మురుగుకాలువ, పయిలం అంటే జాగ్రత్త. సుక్కమ్మ గడపకూ వీధికీ మధ్య నడుములోతు మోరి ఉంది. జవహర్‌నగర్ చెత్తగుట్ట వైపు నుంచి గాలి వీచిన రోజున కూడా అది తన వాసనను విడిగా నిలబెట్టుకుంటుంది. అంత ఆత్మగౌరవం గల మోరి.

సుక్కమ్మ ఉత్తరం పట్టుకుని ముత్తయ్య దగ్గరికి వెళ్లింది. ఊరు మున్సిపాలిటీలో కలిశాక పదవి పోయినా, పేరు చివరి 'సాబ్' పోని మాజీ సర్పంచ్ ఆయన. ఒక్క బండ అడుగుదామని ఆమె నోరు తెరిచేలోపే ఆయన కళ్లు ఉత్తరం మీది సైన్యం ముద్ర మీద పడ్డాయి. ఆ సాయంత్రమే పాత పంచాయతీ ఆఫీసు ముందు మైకు మోగింది. ఫోటోల్లో బాగుండదని ముత్తయ్య కళ్లద్దాలు జేబులో పెట్టుకుని ఉత్తరం అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! యుద్ధభూమి నుంచి మన బిడ్డ మనల్ని పిలుస్తున్నాడు! 'మోర్చా కాడ పయిలం. మోర్చా మీద బండ ఏపియ్యండ్రి' అని వేడుకుంటున్నాడు!"

సిపాయిలు తుపాకులతో కాపలా కాసే చోటు మోర్చా. జనం గుండెలు బరువెక్కాయి. అశ్రిత మాత్రం లేచి నిలబడింది.

"కాకా, గది మోర్చా గాదు, మోరి. మా ఇంటి ముంగటి మోరి."

ముత్తయ్య మైకులోనే నవ్వారు. "పిచ్చి బిడ్డా! దేశం కోసం పాణమిచ్చేటోడు మోరీల గురించి రాస్తడా?"

ఈ తర్కానికి ఎదురులేదు. వీరుడి ఆలోచన మోరిలోకి దిగుతుందని అనడం దేశద్రోహమని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ వెంటనే యుద్ధవ్యూహం మీద చర్చ మొదలైంది. బండ వేయడమంటే శత్రువు మోర్చా మీద విసరడమేనని రిటైర్డ్ హెడ్మాస్టరు గారి వాదన. కాదు, మన మోర్చాకు కప్పు వేయడమని పాలకేంద్రం దగ్గర చేరే వర్గం వాదన. రెండు వర్గాలూ చొక్కాలు పట్టుకునే దశలో మేడ్చల్ రోడ్డు మీద బండల దుకాణం నడిపే షఫీయుద్దీన్ అడ్డం వచ్చాడు.

"అరె భాయ్, ఇసిరినా కప్పినా బండలైతె గావాలె గద? ముల్క్ కోసం నా దుకాణం ఖాళీ చేస్త, తీస్కపోండ్రి."

బండలను వీరుడి ఇంటి ముందే పేర్చడం న్యాయమని, మోరికి రెండడుగుల దూరంలో గుట్టగా పేర్చారు. మర్నాడు సుక్కమ్మ ముత్తయ్యను ఆపింది.

"సర్పంచ్ సాబ్, గందులకెల్లి ఒక్క బండ ఇయ్యుండ్రి. మోరి మీద ఏసుకుంట."

"సుక్కవ్వా! నీ మనవడు దేశం కోసమని అడిగిన బండ గది. మోరి మీద ఏస్తె ఆని ఇజ్జత్ ఏమైతది?"

"ఆని ఇజ్జత్‌కేం గాదు. నా కాలే ఇరుగుతది."

ఈ సంభాషణలో కుట్ర వాసన పసిగట్టి ఆ రోజే బండలకు కాపలా పెట్టారు. సరిహద్దు తర్వాత అంతటి భద్రత మా వీధికే దక్కింది.

లారీకి జెండా ఊపే రోజు రానే వచ్చింది. బండలన్నీ ఎక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, బ్యాండు మొదలైంది. వీరుడి అవ్వకు శాలువా కప్పుతామని మైకులో పిలిచారు. సుక్కమ్మ గడప దిగింది. ఎండకు కళ్లు చెదిరాయి. ఒక కాలు వీధి మీద పడింది, రెండోది పడలేదు.

వేదిక మీద నుంచి ముత్తయ్యకు ఆమె వంగడం మాత్రమే కనిపించింది. "చూడండి! ఆ తల్లి వంగి మాతృభూమికి మొక్కుతున్నది!" అన్నారు. చప్పట్లు మిన్నంటాయి. తల్లి ఎంతకీ పైకి లేవకపోవడంతో ఆమె భక్తి చూసి కొందరికి కన్నీళ్లు కూడా వచ్చాయి.

"అరె, ముసలమ్మ మోరిల వడ్డది! బాజా బంద్ జెయ్యుండ్రి!" అని అరుస్తూ షఫీయుద్దీన్ దూకాడు. అశ్రితా అతనూ కలిసి ఆమెను బయటికి తీశారు. కాలు విరిగింది. షఫీయుద్దీన్ లారీలోంచి ఒక్క బండ దించబోయాడు. కొబ్బరికాయ కొట్టిన బండను దించడం అపశకునమని పెద్దలు వారించారు. లారీ కదిలింది. శాలువాను మాత్రం మోరి నీళ్లు అంటకుండా జాగ్రత్తగా దవాఖానకు పంపారు.

కొన్నాళ్లకు బాలేష్ రెండో ఉత్తరం వచ్చింది.

"అవ్వా, గమ్మతు జూడు. మా మోర్చా ముంగట ఒక మోరి ఉండె. రాత్రిపూట రోజొకడు వడుతుండె. ఏడికెల్లో లారీ బండలచ్చినయి. మా సుబేదార్ సాబ్ గవన్ని మోరి మీద ఏపిచ్చిండు. ఇగ ఎవ్వలు వడ్తలేరు. ఒక బండ మీద షఫీ చాచా దుకాణం పేరుంటె ముద్దు వెట్టుకున్న. మనింటి ముంగట గూడ ఏసే ఉంటరు గద? లీవ్ దొరికితె జల్దీ వస్త."

కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని సుక్కమ్మ ఇదంతా విన్నది. కాసేపు నవ్వింది. తర్వాత జవాబు చెప్పి అశ్రిత చేత రాయించింది.

"కొడుకా, ఆడ మోరి మీద బండ వడ్డది. ఈడ బండ వడలే, నేనే వడ్డ. ఇల్లు పయిలం గాదు. నువ్వు ఆడనే ఉండు బిడ్డా, రాకు."

పోస్టులో వేయడానికి వెళ్తున్న అశ్రిత చేతిలోంచి ముత్తయ్య ఆ జవాబు తీసుకున్నారు. మళ్లీ మైకు మోగింది. కళ్లద్దాలు లేకుండా చదవగలిగినంత, అంటే చివరి వాక్యం, చదివారు.

"'నువ్వు ఆడనే ఉండు బిడ్డా, రాకు!' విన్నారా? కాలు విరిగి మంచాన పడి కూడా మనవణ్ణి మోర్చా వదలొద్దంటున్నది! ఇలాంటి వీరమాత ఇంకో ఊళ్లో ఉందా?"

లేదు. చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాం. అశ్రిత ఏదో చెప్పబోయింది గానీ ఆ చప్పట్లలో వినిపించలేదు. సభ ముగిశాక అందరం సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, "పయిలం, పయిలం" అనుకుంటూ మోరి దాటి ఇళ్లకు వెళ్లాం.