మంచుండగా గిట్ట పెట్టరాదు

ఒక పెద్ద అడవిలో కొండ పాదం నుంచి వాగు దాకా ఉన్నది ఒకటే బాట. దున్నలూ దుప్పులూ పందులూ తరతరాలుగా తొక్కీ తొక్కీ వేసుకున్న బాట. ఎవరూ ప్రారంభోత్సవం చేయలేదు గనుక దానికి ఎవరి పేరూ లేదు.

ఆ బాటకు ఒక జబ్బుంది. దుమ్ము. సాయంత్రం మందలు తిరిగొచ్చే వేళ లేచి, పక్క చెట్ల మీదున్న కొండముచ్చు పిల్లల గొంతుల్లో పడేది. తల్లి కొండముచ్చు మూడేళ్ళుగా అడవి సభకు వస్తూ, దగ్గుతున్న పిల్లను చూపించి పోతూ ఉంది. సభాధ్యక్షుడు నెమలి నీలకంఠం గారు ప్రతిసారీ ఆ దగ్గును శ్రద్ధగా వినేవారు. "బాగా దగ్గింది. మళ్ళీ రండి" అనేవారు.

అలా ఉండగా కార్తీక మాసంలో ఉత్తరాది కొండల అవతల నుంచి ఒక బాతు ఎగిరొచ్చి చెరువులో దిగింది. మెడలో ఆకుల కట్ట ఒకటి వేలాడుతోంది.

"నేను సప్తఖండ అడవుల సమాఖ్య రాయబారిని. మా సమాఖ్యలో తొంభై ఆరు అడవులున్నాయి. మీరు చేరితే తొంభై ఏడు" అంది బాతు.

"చేరితే ఏమిటండీ లాభం?" అన్నారు నీలకంఠం గారు.

"తోకలో పెట్టుకోవడానికి ఒక తెల్ల ఈక ఇస్తాం."

నీలకంఠం గారు మెడ తిప్పి తోక చూసుకున్నారు. నీలం ఉంది, పచ్చ ఉంది, బంగారు రంగు ఉంది. తెలుపు లేదు. ఇన్నాళ్ళూ ఇంత లోటుతో అడవిని ఎలా పాలించానా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"కాలిముద్ర ఎక్కడ వేయాలి?" అన్నారు.

ముద్ర పడ్డాక ప్రతిజ్ఞ చదవాలనుకున్నారు. అది బాతుల భాషలో ఉంది. సభ కార్యదర్శి చిలుకకు పద్నాలుగు భాషలు వచ్చు. అడవి దాటి మాత్రం ఎన్నడూ పోలేదు. ఆకు తిరగేసి, గొంతు సవరించుకుని, తెలుగు చేసి చదివింది.

"దారి మీద మంచు ఉన్నంతసేపు గిట్టల జంతువులు దానిపై అడుగు పెట్టరాదు."

సభ్యుల్లో గుడ్లగూబ ఒక్కటే కన్ను తెరిచింది. "మనకున్న బాధ దుమ్ము కదా. మంచుకూ దానికీ ఏమిటి సంబంధం?"

"తొంభై ఆరు అడవుల్లో ఎవ్వరూ అడగని ప్రశ్న ఇది" అంది చిలుక.

గుడ్లగూబ సిగ్గుపడి కన్ను మూసుకుంది. తీర్మానం ఏకగ్రీవమైంది.

అయితే నీలకంఠం గారు ప్రజాస్వామ్యవాది. జనాన్ని అడక్కుండా ఏ పనీ చేయరు; చేశాక తప్పకుండా అడుగుతారు. అభిప్రాయ సేకరణ సభ ఫలానా రోజు తెల్లవారుజామున జరుగుతుందని ప్రకటన రాయించి, అందరికీ కనిపించేలా మద్దిచెట్టు చిటారుకొమ్మకు కట్టించారు. కొత్త నిబంధన మాత్రం ముందు రోజే అమల్లోకి వచ్చింది.

ఆ ప్రకటన సంగతి ఎలాగో అడవిదున్న సాంబయ్య చెవిన పడింది. ఇంకా చీకటుండగానే బయలుదేరాడు. బాట మొదట్లో వెదురు గెడ అడ్డం పెట్టి ఉంది. గెడ మీద కోతి జమేదారు కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి, పెద్దాయనా?"

"సభకయ్యా. ఈ మంచు నిబంధన మీద నా అభ్యంతరం చెప్పాలి."

"దారి మీద మంచుంది కదా."

"ఆ మంచు గురించే నా అభ్యంతరం!"

"కాదన్నానా? మంచు ఆరాక వెళ్ళి చెప్పుకో."

మంచు ఆరింది. సాంబయ్య వెళ్ళేసరికి సభ ముగిసింది. 'గిట్టల జంతువుల నుంచి అభ్యంతరాలు: ఏమీ లేవు' అని చిలుక రాసేసింది కూడా.

మర్నాటి నుంచి గిట్టల జంతువులన్నీ గెడ దగ్గర గుంపుగా నిలబడి సూర్యుడి కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాయి. పులికి గిట్టలుండవు, పంజాలే గనుక దానికి ఏ అడ్డూ లేదు. ఒకేచోట వరసగా నిలబడ్డ దుప్పుల్ని చూసి అది, "ఇంత చల్లని నిబంధన నా ఎరుకలో రాలేదు. ఆ సమాఖ్య పది కాలాలు బతకాలి" అని దీవించింది.

అప్పుడు లేచాడు నక్క నాగులు. పుట్ట మీదికెక్కి ఊళ పెట్టాడు.

"అన్నల్లారా! ఆ బాతు మెడ అంత పొడుగెందుకో ఎప్పుడైనా ఆలోచించారా? మన పొదల్లోకి తొంగిచూడటానికే! ఇవాళ మంచులో నడవద్దన్నారు. రేపు ఎండలో వద్దంటారు. ఎల్లుండి ఎవరి పొదకు వాళ్ళని తీగలతో కట్టేస్తారు! అసలు ఈ బాతును ఎన్నుకున్నది ఎవరు? మన వాగు ఎటు పారుతుందో దానికి తెలుసా?"

చివరి రెండు మాటలూ అడగవలసినవే. కానీ బాతు మెడ ముచ్చట వాటికంటే బాగుండటంతో అందరూ దానికే చప్పట్లు కొట్టి, అసలు ప్రశ్నలు మర్చిపోయారు.

నీలకంఠం గారు మాత్రం మర్చిపోలేదు. ఆ సాయంత్రమే నాగుల్ని పిలిపించి, "మంచు ఆరిందో లేదో నిర్ధారించే అధికారి కావాలయ్యా. మంచి కుచ్చుతోక ఉన్నవాళ్ళే పనికొస్తారు" అన్నారు.

మరుసటి పొద్దున నాగులు బాట మీద తోక ఈడ్చి, పిండి చూసి, "ఇంకా తడే!" అని గంభీరంగా చెప్పడం మొదలుపెట్టాడు. బాతు గురించి ఎవరైనా ఎత్తితే, "దాని మెడ అందమే వేరు" అనేవాడు. నిద్ర లేవడం కూడా పదవికి తగ్గట్టు ఆలస్యం చేశాడు. దాంతో గెడ లేచేసరికి అంబటివేళ దాటిపోయేది.

ఇక్కడే అసలు తిరకాసు వచ్చింది. మునుపు జంతువులు తెల్లవారకముందు ఒకటీ రెండుగా పోయేవి. మంచు తడికి దుమ్ము అణిగి ఉండేది. ఇప్పుడు దుమ్మంతా ఎండాక, దాహంతో నాలుకలు వేలాడేసుకున్న నాలుగు వందల జంతువులు ఒక్కసారిగా వాగుకు పరుగు తీస్తున్నాయి. ఆ దుమ్ములో చెట్టుకు చెట్టు కనబడేది కాదు. కొండముచ్చు పిల్లలు సాయంత్రం దగ్గు పొద్దున్నే దగ్గడం మొదలుపెట్టాయి. నీలకంఠం గారి తెల్ల ఈక నాలుగు రోజులకే బెల్లం రంగుకు తిరిగింది.

ఈ గొడవలన్నిటి మధ్యా కొండ కింద తాబేలవ్వకు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.

కొండ కింద అంతా రాతినేల. గుడ్లు పెట్టాలంటే గుంట తవ్వాలి, గుంటకు వాగు ఒడ్డు ఇసుకే కావాలి. అవ్వ నడిస్తే నాలుగు రోజుల దారి. అందుకని ఏటా బండ మీద నుంచి సాంబయ్య వీపెక్కి, చల్లపొద్దున్నే వాగు చేరేది. పోయినేడు దారిలో వర్షం పడి రెండు రోజులు ఆగిపోయి, గుడ్లన్నీ రాళ్ళ మీదే పెట్టి పోగొట్టుకుంది. ఈసారి ఒక్కటైనా దక్కాలని అవ్వ గుండెల్లో ఉంది.

ఆ రోజు గెడ దగ్గరికి వచ్చి అవ్వ మెడ చాచింది. "జమేదారూ, నాకు గిట్టల్లేవు నాయనా. చూడు. నన్ను పోనీ."

"నువ్వు పోవచ్చవ్వా. నీ కింద ఉన్నాయనే పోకూడదు."

"ఆయన లేకపోతే నేనెట్లా పోతా?"

"అది నిబంధనలో రాయలేదు."

సాంబయ్యకు ఒళ్ళు మండింది. "గెడ విరిచేస్తానవ్వా!"

"వద్దులే బిడ్డా. విరిస్తే రేపు ఇంకో గెడ పెడతారు. దాని మీద ఇంకో కోతి. ఆగుదాం."

ఆగారు. నాగులు తీరిగ్గా వచ్చి తోక పిండాడు. గెడ లేచింది. నాలుగు వందల జంతువులు ఒక్క ఉరుకు ఉరికాయి. సాంబయ్య పక్కకు తప్పుకోబోయాడు గానీ మంద తోసుకుపోయింది. సగం దారిలో అవ్వ జారి, డిప్ప నేలను తాకి, నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టి దుమ్ములో మునిగిపోయింది.

"అవ్వా! ఎక్కడున్నావే?" అని సాంబయ్య మూతితో నేల తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. దుమ్ము అణిగేసరికి చాలాసేపు పట్టింది. కనబడగానే కొమ్ముతో మెల్లగా తిరగేశాడు.

అవ్వ తుమ్మింది. తర్వాత కాలితో నేల ఒకసారి కెలికింది. ఇంకోసారి కెలికింది.

"ఒరే సాంబయ్యా, ఇది మెత్తగా ఉందిరా!"

నిజమే. నెల రోజులుగా నాలుగు వందల జంతువులు పొడి చేసి పోసిన దుమ్ము అది. మోకాటి లోతున, వాగు ఇసుక కంటే మెత్తగా ఉంది.

"అవ్వా, నడి బాటలోనా?"

"నొప్పులు నన్నడిగి వస్తాయా? నువ్వు అడ్డంగా నిలబడు."

సాంబయ్య అడ్డంగా నిలబడ్డాడు. అవ్వ గుంట తవ్వి, ఆరు గుడ్లు పెట్టి, దుమ్ము కప్పి, పక్కనే కూర్చుంది.

సాయంత్రం మందలు తిరిగొచ్చాయి. ముందున్న పంది ఆగి, "ఏందవ్వా దారిలో కూర్చున్నావు?" అంది.

"ఇక్కడ గుడ్లున్నాయి నాయనా. చుట్టూ తిరిగి పొండి."

పంది ఒక్క క్షణం చూసి గడ్డిలోకి దిగింది. దాని వెనక దుప్పి, దాని వెనక కణుజు, అన్నీ దిగాయి. అక్కడ గెడ లేదు, జమేదారు లేడు, తోక పిండినవాడు లేడు. మర్నాడు తెల్లవారకముందే ఆ గడ్డిదారినే ఒక్కొక్కటిగా వాగుకు పోయాయి. నిబంధన బాటకు గానీ గడ్డికి కాదు. గడ్డిలో దుమ్ము లేవలేదు. వారం తిరిగేసరికి కొండముచ్చు పిల్లల దగ్గు తగ్గింది. తల్లి కొండముచ్చు సభకు రావడం మానేసింది. నీలకంఠం గారు దాన్ని సభ విజయంగా భావించారు.

మాఘం చివర బాతు స్వదేశానికి బయలుదేరుతూ తనిఖీకి వచ్చింది. బాట ఖాళీగా ఉంది. గాలి శుభ్రంగా ఉంది.

"అద్భుతం! మంచు లేని రోజుల్లో కూడా ఇంత నిష్ఠగా పాటిస్తున్నారా!" అంది.

"మంచు లేకపోవడమేమిటండీ, రోజూ ఉంటుందిగా" అని నీలకంఠం గారు ఒక గడ్డిపోచ వంచి, కొసనున్న బొట్టు చూపించారు.

బాతు ఆ బొట్టు వంక చూసింది. చిలుక వంక చూసింది. మళ్ళీ బొట్టు వంక చూసింది.

"మంచంటే ఇదా? మా దేశంలో మంచు ఆకాశం నుంచి కుప్పలుగా పడుతుందండీ. ఈ దున్నగారి పొట్ట దాకా. అందులో గిట్టలు దిగబడి దారంతా గుంటలు పడతాయని ఆ నిబంధన పెట్టుకున్నాం."

చిలుక తనకు పదిహేనో భాష నేర్చుకునే పని గుర్తొచ్చినట్టు కొమ్మ మారింది. సాంబయ్యకు మొదట పొట్ట అదిరింది, తర్వాత గంగడోలు అదిరింది, తర్వాత అడవంతా అదిరేట్టు నవ్వాడు.

"అయితే నిబంధన ఎత్తేద్దామా?" అంది గుడ్లగూబ.

"ఎత్తేస్తే ఈక వెనక్కి ఇవ్వాలి" అంది బాతు, ఇబ్బందిగా. "పైగా మీ అడవి ఆదర్శమని ముందే రాసి పంపేశాను."

నీలకంఠం గారు ఎంతసేపో ఆలోచించలేదు. "ప్రపంచ స్థాయి నిబంధనను మార్చడం తప్పు. మన అడవే దాని స్థాయికి ఎదగాలి. పొట్ట దాకా మంచు పడేందుకు తగిన చర్యలు తీసుకోవాలి" అని తీర్మానించారు. మంచు తెప్పించే సంఘానికి అధ్యక్షుడిగా నాగుల్ని వేశారు. బాతు రెండో తెల్ల ఈక ఇచ్చి ఎగిరిపోయింది.

వేసవి ఎండలు ముదిరాక ఒక పొద్దున బాట మధ్యలో దుమ్ము కదిలింది. ఆరు బుల్లి తలలు బయటికొచ్చాయి. అవ్వ ఒక్కొక్కటే లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆరూ బాట దాటి గడ్డిలోకి పోతుంటే ఇటు దున్నలూ అటు పందులూ ఆగి నిలబడ్డాయి.

దూరాన గెడ మీద నుంచి కోతి జమేదారు అరిచాడు: "ఎవరి ఆజ్ఞతో ఆగారు మీరంతా?"

నీతి: ఎల్లలు దాటి వచ్చినదే నిబంధన, పక్కింటి అవ్వ కోరితే చేసేది వట్టి మర్యాద, దానికి తెల్ల ఈకలు ఇవ్వరు.