ఎనిమిది నిమిషాల కిందటి సూర్యుడు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు. ఒక గడియారాలాయన సూర్యుడి ముందు కొత్త గ్రహాన్ని కనిపెట్టిన కథ ఇది. ఆ గ్రహం వారం రోజులు ఉంది. తర్వాత లేదు. ఎటు పోయిందో వినండి.

గడియారాలు బాగుచేసే ఆయనకు ఇంటి కిందే కొట్టు, మేడమీద ఒక గది. ఆ గదిలో టెలిస్కోపు. ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ సరిచేస్తాడు గానీ, తన కొట్టు గోడ గడియారం మాత్రం ఎప్పుడూ కాస్త వెనకే. తనూ అంతే. భోజనానికి పిలిస్తే అరగంటకు దిగివచ్చేవాడు.

"ఇప్పుడు అనేది అసలు లేదోయ్. నువ్వు సూర్యుణ్ణి చూశావనుకో, అది ఎనిమిది నిమిషాల కిందటి సూర్యుడు. వెలుతురు ఇక్కడికి రావడానికి అంతసేపు పడుతుంది. ఈ క్షణాన అక్కడ సూర్యుడు ఉన్నాడో లేడో ఎవరు చెప్పగలరు?" అనేవాడు.

"మీరు మేడ దిగడానికి అరగంట పట్టింది. మీకంటే సూర్యుడే నయం" అనేది భార్య, చల్లారిన గిన్నెలు మళ్ళీ వేడిచేస్తూ.

ఆవిడ బట్టలు కుడుతుంది. మిషను వంటింటి మూల, కత్తిరించిన గుడ్డలు మంచం మీద. కుట్టు నేర్పమని పదిమంది అమ్మాయిలు తిరుగుతున్నారు, కూర్చోబెట్టడానికి చోటు లేదు. మేడమీది గది ఇమ్మని మూడేళ్ళుగా అడుగుతోంది. ఆవిడ చేతి గడియారం ఆగిపోయి కూడా మూడేళ్ళే. రెండింటికీ ఆయన జవాబు ఒకటే: "చూద్దాంలే."

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ తేల్చేసింది. "వచ్చే ఆదివారం పదింటికి నా గడియారం తిరుగుతుంటే గది మీది. తిరక్కపోతే నాది. మీ గొట్టం అటకెక్కుతుంది."

"గంట పనికి వారం గడువెందుకు?" అని ఆయన అప్పుడే కొట్టులో కూర్చున్నాడు. బావమరిదీ, ఇంకో మిత్రుడూ తొమ్మిదింటికి వస్తారు, ముగ్గురూ కలిసి సూర్యుడి బొమ్మ గీయాలి, ఈలోగా గడియారం అయిపోతుంది. అదీ ఆనాటి పథకం.

గడియారం విప్పాక చూస్తే, కంటికి బిగించుకునే భూతద్దం పగిలి ఉంది. ఆయన బుర్ర చురుకైనదే. మేడెక్కి, టెలిస్కోపుకు కన్ను ఆనించే చివర ఉండే చిన్న అద్దాల గొట్టాన్ని, అదే ఐపీసు అంటారే, దాన్ని ఊడబీక్కుని వచ్చాడు. తిరగేసి పట్టుకుంటే అదే భూతద్దం. దానితో చూసి, పట్టుకారుతో నలుసంత మరను, అంటే స్క్రూను, పట్టుకున్నాడు. ఐపీసును పక్కన నిలబెట్టి, మరకు బొట్టు నూనె అద్దాడు. పట్టుకారు జారింది. మర ఎగిరింది. ఎటు ఎగిరిందో ఆ పరమాత్మకే తెలియాలి. బల్ల కింద వెతికాడు, చొక్కా మడతల్లో వెతికాడు. చివరికి మీసం కూడా దులుపుకున్నాడు.

"బావా! సూర్యుడు నెత్తికెక్కుతున్నాడు, నువ్వింకా బల్ల కిందే ఉన్నావేంటి?" అంటూ బావమరిది వచ్చాడు. ఆయనది కళ్ళద్దాల కొట్టు. వెనకే పింఛను పుచ్చుకుంటున్న డ్రాయింగు మాస్టారు, చంకలో తెల్లకాగితాల చుట్టతో. మర సంగతి తర్వాత చూడొచ్చని ముగ్గురూ మేడెక్కారు.

సూర్యుణ్ణి టెలిస్కోపులో నేరుగా చూస్తే కళ్ళు పోతాయి. అందుకని వాళ్ళు గొట్టం వెనక కాగితం పెట్టి, దానిమీద పడే వెలుగు వలయాన్ని పెన్సిలుతో దిద్దుకునేవారు. గడియారాలాయన ఐపీసు దూర్చి, చేతి అలవాటు కొద్దీ గడియారానికి కీ ఇచ్చినట్టు ఓ మెలిక తిప్పాడు. వలయం పడింది. అందులో ఒక నల్ల చుక్క.

"గ్రహం!" అన్నాడు గడియారాలాయన, గాలి మింగినట్టు.

"పక్కన ఇంకేవో చిన్న మచ్చలు కూడా ఉన్నాయండీ" అన్నారు మాస్టారు, అన్నీ దిద్దుతూ.

"అది దుమ్ము, మాస్టారూ. అద్దాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, దుమ్ము నాకు తెలీదా? చెరిపేయండి" అన్నాడు బావమరిది. మాస్టారు శ్రద్ధగా చెరిపేశారు.

కాసేపటికి సూర్యబింబం కాగితం మీద మెల్లగా పక్కకు జరిగింది. చుక్క మాత్రం ఉన్నచోటే ఉంది. మాస్టారికి అనుమానం వచ్చింది. "సూర్యుడు జరిగితే ఇది జరగదేమండీ?"

"అదేనండీ రుజువు! సూర్యుడి కబురు మనకు ఎనిమిది నిమిషాల తర్వాత అందుతుంది. ఇది మనకు దగ్గర. దీని కబురు ముందే వచ్చేసింది" అన్నాడు గడియారాలాయన. ఆ మాటకు మిగతా ఇద్దరూ తలలూపారు. అర్థం కాకపోవడం వల్ల దానికి ఇంకా బరువొచ్చింది.

సోమవారం పొద్దున్న ఐపీసు పైపైన తుడిచి, మళ్ళీ దూర్చి, మళ్ళీ ఓ మెలిక. చుక్క కొంచెం జరిగింది. మంగళవారం మరో మెలిక, మళ్ళీ సరిగ్గా అంతే దూరం. మాస్టారు స్కేలు పెట్టి కొలిచి, మళ్ళీ కొలిచారు. "వెంట్రుకవాసి తేడా లేదండీ! మనుషుల వల్ల అయ్యే పనా ఇది?"

ముప్పై ఏళ్ళు గడియారాలకు కీ ఇచ్చిన చెయ్యి. తేడా ఎందుకు వస్తుంది?

బుధవారానికి బావమరిది తన కొట్టు ముందు బోర్డు కట్టాడు: "కొత్త గ్రహం చూచుటకు ఇక్కడ అడుగుడు." గురువారానికి మెట్లమీద జనం, మెట్ల కింద చెప్పులు. గ్రహానికి ఎవరి పేరు పెట్టాలని ముగ్గురికీ మాటలు పెరిగి, మాస్టారు పెన్సిలు తీసుకుని వెళ్ళిపోయి, గీయడానికి ఇంకెవరూ లేరని బతిమాలాక తిరిగొచ్చారు. పెద్ద ఖగోళ పరిశోధనశాలకు కబురు వెళ్ళింది. ఆదివారం తొమ్మిదిన్నరకు ఒక శాస్త్రవేత్తను పంపుతామని జవాబు వచ్చింది.

"నా గడియారం?" అంది భార్య.

"గ్రహం దొరికిన ఇంట్లో గడియారం ఏమిటోయ్!"

"గ్రహం సంగతి నాకెందుకు? ఆదివారం పదింటికి." అని, పైన పడేసిన చిత్తుబొమ్మలు ఏరుకుంది. మందమైన కాగితం, కొలతలు కత్తిరించుకోవడానికి బాగుంటుంది. కత్తెర పెట్టబోయి ఆగింది. మాస్టారు రోజూ మచ్చలు దిద్ది చెరిపేసినా, పెన్సిలు నొక్కిన గీతలు కాగితంలో ఉండిపోయాయి. కుట్టుపని చేసే కన్ను కదా, కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంది.

"ఒరే తమ్ముడూ, మీరు చెరిపేసిన దుమ్ము రోజూ వేలి వెడల్పంత జరుగుతోందిరా. అన్నీ కలిసి, ఒకే వైపు. దుమ్ము అలా వరసకట్టి నడుస్తుందా?"

"అక్కా, నువ్వు గుడ్డలు చూసుకో. ఆకాశం మేం చూసుకుంటాం."

ఆవిడ శనివారం దాకా రోజూ చిత్తుబొమ్మలు ఏరుతూనే ఉంది. ఆ మచ్చల మీద రంగు సుద్దతో గుర్తులు పెట్టి, తేదీ వేసి, మిషను కింద దాచింది.

ఆదివారం వచ్చిన శాస్త్రవేత్త ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. చుక్కను చూసింది. ఐపీసును రెండు వేళ్ళతో పట్టుకుని గిర్రున తిప్పింది. గ్రహం సూర్యుడి చుట్టూ గిర్రున తిరిగింది. వెనక్కి తిప్పింది. వెనక్కి తిరిగింది. మెట్లమీద ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాయి ఐపీసు ఊడదీసి, దూదిపుల్లతో లోపల మెల్లగా తడిమి, అరచేతిలోకి తట్టింది. నూనె జిడ్డుతో ఒక మర రాలింది.

"మీ గ్రహం, అంకుల్" అంది.

బావమరిది జనాన్ని తోసుకుంటూ బోర్డు విప్పడానికి పరిగెత్తాడు. మాస్టారు గ్రహం బొమ్మ చెరపడానికి రబ్బరు తీశారు. గడియారాలాయన ముఖం మాత్రం వెలిగింది. గ్రహం పోతే పోయింది, మర దొరికింది! దాన్ని లాక్కుని మెట్లు దూకుతూ కొట్టులోకి పడ్డాడు. బావమరిది మొన్న తెచ్చిచ్చిన కొత్త భూతద్దం కంటికి బిగించి, ఊపిరి బిగబట్టి మర బిగించాడు. టిక్కుమంది. మూడేళ్ళ తర్వాత టిక్కుమంది. గోడ గడియారం చూసి ముళ్ళు సరిచేసి, మేడెక్కి భార్య ముందు చెయ్యి చాచాడు.

"చూసుకో! సరిగ్గా పది. గది నాది!"

అప్పటికి గదిలో పరిస్థితి మారిపోయింది. ఆవిడ తెచ్చిన సుద్ద గుర్తుల కాగితాలు నేలంతా పరిచి ఉన్నాయి. అమ్మాయి వాటిముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"దుమ్ము కాదండీ ఇవి, నిజం సూర్యమచ్చలు. వారం రోజులు వరసగా గుర్తుపెట్టారు. మబ్బుల వల్ల మాకు ఈ వారంలో మూడు రోజులు దొరకనే లేదు. ఈ కాగితాలు మా రికార్డులోకి తీసుకెళ్తాను. ఎవరి పేరు రాయమంటారు?"

మాస్టారు తన రబ్బరును మెల్లగా జేబులో దాచుకుని, భార్యగారి వైపు చెయ్యి చూపించారు.

ఆవిడ అమ్మాయి చేతి గడియారం చూసింది. తర్వాత భర్త చేతిలో ఉన్న తన గడియారం చూసింది.

"అమ్మాయి గడియారంలో పదీ ఎనిమిదండీ."

"కొట్టు గడియారం కాస్త వెనకుంటుందని తెలుసుగా! అయినా ఇప్పుడు అనేది..."

"అసలు లేదు. తెలుసు. మీరు తెచ్చింది ఎనిమిది నిమిషాల కిందటి పది. అప్పుడు గది మీదే. ఇప్పుడు నాది."

గదిలో ఇప్పుడు పదిమంది అమ్మాయిలు కుట్టు నేర్చుకుంటున్నారు. టెలిస్కోపు అటకెక్కలేదు. కిటికీ దగ్గరే ఉంది, రోజూ పొద్దున్న వేళ తప్పకుండా ఆవిడే మచ్చలు గీసి పంపుతుంది. ఆదివారాలు మాత్రం ఆయన్ని రానిస్తుంది, ఐపీసు తిప్పనని మాటిస్తే. ఆవిడ చేతి గడియారం ఇప్పటికీ ఎనిమిది నిమిషాలు వెనకే. సరిచేస్తానని ఆయన ఎంత బతిమాలినా ఇవ్వదు.

గుర్తుపెట్టుకోండర్రా, ఇంటికెళ్ళి మీవాళ్ళకు చెప్పండి. కాస్త ఆలస్యంగా చెప్పినా ఫర్వాలేదు. సూర్యుడే రోజూ ఎనిమిది నిమిషాలు ఆలస్యం, ఆయన్ని ఎవరూ రిపేరుకు ఇవ్వలేదు.